నయాగరా దారిలో నాలుగు కాసినోలు, ఒకే కవరు: ఎంత తీసుకెళ్లాలి?

ప్రశ్న: నాకు 30 ఏళ్లు. మాది తణుకు దగ్గర పల్లెటూరు. ప్రస్తుతం మిషిగన్‌లోని నోవైలో హెచ్‌1బీ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నెలకు చేతికి 5,600 డాలర్లు వస్తుంది. అద్దె 1,300, కారు లోను, ఇన్సూరెన్స్ కలిపి 780, తిండీ ఫోనూ వగైరా 1,100, ఇంటికి (నాన్నగారి ఇంటి లోను, అమ్మ మందులు) 1,200, క్రెడిట్ కార్డుకు 300. కార్డు మీద బాకీ 7,400 ఉంది, వడ్డీ 24 శాతం. బ్యాంకులో 4,000 ఉంది. లేబర్ డే సెలవులకు నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్‌తో కలిసి కారులో విండ్సర్ మీదుగా నయాగరా వెళ్లి, బఫెలో, క్లీవ్‌లాండ్ మీదుగా తిరిగి రావాలని ప్లాన్. వాడికి గ్రీన్ కార్డు ఉంది. దారిలో ఉన్న కాసినోలన్నిట్లో ఆగుదామంటున్నాడు. చెరో 2,000 ఒకే కవర్లో వేద్దాం, వచ్చినా పోయినా సగం సగం అంటున్నాడు. కెనడాలో గెలిస్తే ట్యాక్స్ లేదట, రూములు కూడా ఫ్రీగా ఇస్తారట. కిందటిసారి డిట్రాయిట్‌లో వాడికి తక్కువపడితే నా కార్డు మీద 800 తీసి, అందులో 600 చేబదులిచ్చాను. ఇంకా తిరిగి రాలేదు. ఆ రోజు పోయింది రాబట్టుకుందామని రెండు వారాల తర్వాత నేనొక్కడినే వెళ్లి ఇంకో 500 పోగొట్టుకున్నాను. ఈసారి ఎంత తీసుకెళ్తే సేఫ్?

జవాబు: ఏదీ దాచకుండా రాశారు, కాబట్టి నేనూ దాపరికం లేకుండా చెబుతాను. ట్రిప్‌కు నిక్షేపంగా వెళ్లిరండి. కాసినోలకు మాత్రం ఈసారి ఏమీ పెట్టకండి. 2,000 కాదు, 200 కూడా వద్దు.

ముందు మీ నెల లెక్క చూద్దాం. మీరు రాసిన ఖర్చులన్నీ కూడితే 4,680. అంటే నెలకు 920 డాలర్లు మిగలాలి. అది నిజంగా మిగులుతుంటే కార్డు బాకీ ఇంత ఉండదు. 7,400 మీద 24 శాతమంటే నెలకు 148 డాలర్లు వడ్డీకే పోతోంది. మీరు కట్టే 300లో అసలుకు జమయ్యేది 152. కొత్తగా ఒక్క డాలరు గీకకపోయినా ఈ లెక్కన బాకీ తీరడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. మిగలాల్సిన ఆ 900 కూడా కలిపి నెలకు 1,200 కడితే ఏడు నెలల్లో తీరిపోతుంది. మూడేళ్లెక్కడ, ఏడు నెలలెక్కడ! ఆ 900 ఎటు పోతోందో మూడు నెలల స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని ఒక ఆదివారం కూర్చుని చూడండి.

బ్యాంకులో ఉన్న 4,000 మీ ఒక నెల ఖర్చుకు కూడా చాలదు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల గడువే ఉంటుంది. ఆ రెండు నెలలూ అద్దె కట్టాలి, ఇంటికి పంపాలి, అవసరమైతే ఇండియాకు టికెట్ కొనుక్కోవాలి. కాబట్టి ఆ డబ్బును ట్రిప్ లెక్కలోకి లాగొద్దు.

ఇక మీ స్నేహితుడు చెప్పిన మాటలు. ఆయన అబద్ధం చెబుతున్నారని అనను. కానీ ఒక్కోదాంట్లో సగమే ఉంది.

రూములు ఫ్రీ అన్నది నిజమే, అయితే అది మీ డబ్బే. కాసినో ఇచ్చే మెంబరు కార్డు (ప్లేయర్ కార్డు) పెట్టి ఆడుతున్నంతసేపూ మీరు ఎంత పందెం కాస్తున్నారు, ఎన్ని గంటలు ఆడారు, ఆ ఆటలో కాసినోకు ఎంత శాతం మిగులుతుంది అన్నవి గుణించి, మీవల్ల సగటున తమకు ఎంత రావాలో లెక్క కడతారు. అందులో కొంత భాగాన్ని రూము రూపంలోనో, భోజనం రూపంలోనో వెనక్కిస్తారు. రెండు సున్నాలున్న రూలెట్ చక్రంలో 38 గడులుంటాయి, ఒక నంబరు మీద గెలిస్తే ఇచ్చేది 35 రెట్లే. ఆ తేడా వల్ల సగటున పందెంలో 5.26 శాతం కాసినోది. 25 డాలర్ల చొప్పున గంటకు 40 పందేలు కాస్తే వెయ్యి డాలర్లు బల్ల మీద తిరిగినట్టు, అందులో 52 డాలర్ల పైచిలుకు వాళ్లది. ఆరు గంటలు ఆడితే 315. ఆ డబ్బుతో మామూలు హోటల్లో రూము మీరే తీసుకోవచ్చు. బ్లాక్‌జాక్ నయం అంటారు గానీ, బల్ల మీద పరిచిన గుడ్డపై ఏం రాసుందో చూడాలి. 20 డాలర్ల పందేనికి బ్లాక్‌జాక్ పడితే 3 టు 2 బల్ల మీద 30 ఇస్తారు, 6 టు 5 బల్ల మీద 24 ఇస్తారు. ఆట అదే, ముక్కలవే, చేతికొచ్చేది ఆరు డాలర్లు తక్కువ.

కెనడాలో ట్యాక్స్ లేదన్న మాట దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే చాలామంది మనవాళ్లు ఇక్కడే పొరబడుతున్నారు. సరదాగా ఆడేవాళ్ల గెలుపు మీద కెనడా ట్యాక్స్ వేయదు, నిజమే. కానీ మీరు అమెరికాలో ట్యాక్స్ రెసిడెంట్. ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడి రిటర్న్‌లో చూపించాలి. గ్రీన్ కార్డున్న మీ స్నేహితుడికీ ఇదే వర్తిస్తుంది. కాగితం ఇవ్వలేదు కాబట్టి చూపించక్కర్లేదనుకోవడం తప్పు. అమెరికా వైపు కాసినోల్లో స్లాట్ మిషన్ మీద పెద్ద మొత్తం తగిలితే, గెలుపును ట్యాక్స్ శాఖకు తెలిపే డబ్ల్యూ‑2జీ ఫారం ఇస్తారు. 2025 వరకు 1,200 డాలర్లు గానీ అంతకు మించి గానీ వస్తే ఇచ్చేవాళ్లు, 2026 నుంచి ఆ హద్దు 2,000. ఫారం రాకపోయినా గెలుపు ఆదాయమే.

అసలు బాధ పోగొట్టుకున్న డబ్బు విషయంలో. శనివారం విండ్సర్‌లో 3,000 గెలిచి, ఆదివారం నయాగరాలో 3,000 పోగొట్టుకున్నారనుకోండి. మీ దృష్టిలో లెక్క సున్నా. ట్యాక్స్ లెక్క అలా కాదు. గెలిచిన 3,000 ఆదాయంగా చూపాలి. పోయిన 3,000 తగ్గించుకోవాలంటే ఐటమైజ్ చేయాలి, అంటే తగ్గింపులను ఒక్కొక్కటిగా రాసి చూపాలి. అద్దింట్లో ఉండే మీలాంటివాళ్లకు స్టాండర్డ్ డిడక్షనే (వివరాలు లేకుండా ఇచ్చే స్థిరమైన తగ్గింపు) లాభం కాబట్టి ఐటమైజ్ చేయరు. మీ జీతానికి 22 శాతం శ్లాబు పడుతుంది, అంటే చేతిలో ఒక్క డాలరు మిగలకుండానే 660 డాలర్ల ఫెడరల్ ట్యాక్స్. ఐటమైజ్ చేసేవాళ్లకు కూడా 2026 నుంచి నష్టంలో 90 శాతమే, అదీ గెలుపు మొత్తానికి లోబడి, తగ్గించుకునే వీలుంది.

ఒకే కవరు ప్లాన్ ఈ ట్యాక్స్ వల్లే ఇంకా ఇబ్బంది. బఫెలో వైపో, క్లీవ్‌లాండ్‌లోనో మీరు కూర్చున్న మిషన్ మీద 6,000 తగిలిందనుకుందాం. ఫారం మీ పేరు మీద వస్తుంది. మాట ప్రకారం 3,000 ఆయనకిస్తారు, ట్యాక్స్ మాత్రం 6,000కు మీ మీద పడుతుంది. ఇద్దరి పేర్ల మీదా విడగొట్టడానికి 5754 అనే ఫారం ఉంది గానీ, డబ్బు తీసుకునే ముందే కాసినో వాళ్లకు చెప్పి నింపాలి. అర్ధరాత్రి ఆ హడావుడిలో ఎవరికీ గుర్తుండదు.

ఉమ్మడి డబ్బుకు ఇంకో గుణం ఉంది. సంక్రాంతికి మీ తణుకు, భీమవరం వైపు గుండాట దగ్గర చూసే ఉంటారు, తన జేబులోంచి కాసేవాడు ఎక్కడో ఒకచోట లేస్తాడు, నలుగురి డబ్బూ పోగేసి కాసేవాడు మాత్రం చివరి నోటు దాకా కూర్చుంటాడు. కవరు ఒకటే అయినప్పుడు ఇక చాలు అని ఒకరంటే రెండోవారికి అది పిరికితనంగా వినిపిస్తుంది. చిన్నప్పటి స్నేహంలో అలాంటి మాటొకటి మిగిలిపోతే చాలా బాధగా ఉంటుంది.

మీరు కార్డు మీద తీసిన 800 సంగతి. కాసినో మిషన్ దగ్గర క్రెడిట్ కార్డు మీద డబ్బు తీస్తే అది క్యాష్ అడ్వాన్స్. ఫీజు మామూలుగా 5 శాతం, అంటే అప్పటికప్పుడు 40 డాలర్లు. మిషన్ చార్జీ వేరే. సామాన్లు కొన్నప్పుడు ఉండే వడ్డీలేని గడువు దీనికి ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ, అదీ మామూలు రేటుకంటే ఎక్కువ. పైగా మీరు మినిమమ్ మటుకే కడితే బ్యాంకు దాన్ని తక్కువ వడ్డీ బాకీకి జమ చేసుకోవచ్చు. మినిమమ్‌కు పైన కట్టిన సొమ్మే ఎక్కువ వడ్డీ బాకీకి వెళ్తుంది. అంటే మీ స్నేహితుడి 600కు ఇన్నాళ్లూ వడ్డీ కడుతున్నది మీరు. బయల్దేరేముందు కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి క్యాష్ అడ్వాన్స్ లిమిట్ వీలైనంత కిందికి, కుదిరితే సున్నాకు, తగ్గించమనండి.

వీటన్నిటికంటే నన్ను ఆపేసింది మీరు చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన విషయం. పోయింది రాబట్టుకోవడానికి మళ్లీ ఒక్కరే వెళ్లారు. స్నేహితుడు లేడు, సెలవు లేదు, సరదా లేదు. వైద్యులు వాడే డీఎస్‌ఎం‑5లో జూదం రుగ్మతకు చెప్పిన తొమ్మిది లక్షణాల్లో ఇదొకటి. ఏడాదిలో కనీసం నాలుగు కనిపిస్తేనే రుగ్మత అంటారు, కాబట్టి ఒక్కసారి వెళ్లినందుకు మీకు ఆ పేరు పెట్టడం లేదు, పెట్టే అర్హత కూడా నాకు లేదు. డబ్బు సంగతులు చూసే మనిషిగా చెప్పేదొకటే. కవర్లో ఎంత పెట్టారన్న దానికి హద్దుంటుంది, రాబట్టుకోవడానికి వెళ్లేవాడి చేతికి హద్దుండదు. ఇప్పుడు మీరు 2,000 తీసుకెళ్లినా, 200 తీసుకెళ్లినా, పోతే మళ్లీ డిట్రాయిట్ ముప్పావుగంట దూరమే. ఎంత తీసుకెళ్తే సేఫ్ అన్న ప్రశ్నకు నేను సున్నా అనడానికి కారణం ఇదే.

మళ్లీ వెళ్లాలనిపిస్తే మిషిగన్‌లో డిట్రాయిట్ కాసినోలు మూడింటికీ వర్తించే స్వచ్ఛంద నిషేధ జాబితా ఉంది. పేరు రాయించుకుంటే లోపలికి రావడానికి వీల్లేదు, కనీసం అయిదేళ్ల వరకు తీసేయమని అడగడానికీ కుదరదు. పెద్ద నిర్ణయమే, అయినా అలాంటి తలుపు ఒకటుందని తెలిసుండాలి. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే జూదం సమస్యల హెల్ప్‌లైన్ 1‑800‑426‑2537 నంబరుకు చేయండి. ఇంట్లో ఎవరికీ తెలియక్కర్లేదు.

ఇక ట్రిప్. లేబర్ డే సోమవారం సరిహద్దుకు రెండు వైపులా సెలవే, కాబట్టి నయాగరాలో రూముల ధరలూ, వంతెనల మీద క్యూలూ ఆ వారాంతం ఎక్కువ. వారమో రెండు వారాలో ఆగి వెళ్తే మీ బడ్జెట్‌కు మంచిది. మీకు కెనడా విజిటర్ వీసా కావాలి. మీ స్నేహితుడికి పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు ఉంటే చాలు. మీ పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపింగ్ గడువు దాటి ఉంటే, చెల్లుబాటయ్యే, అమెరికాలో ఉండే గడువు చూపే ఐ‑94తో 30 రోజుల్లోపు కెనడా నుంచి తిరిగొచ్చే వెసులుబాటు ఉంది గానీ, అక్కడ కొత్త వీసాకు దరఖాస్తు చేస్తే అది వర్తించదు. మీ కేసు కంపెనీ అటార్నీని ఒకసారి అడగండి, ఈలోపు క్యాన్సిల్ చేసుకునే వీలున్న రూములే బుక్ చేయండి. కారు ఇన్సూరెన్స్ వాళ్లను, పాలసీ కెనడాలో చెల్లుతుందని చూపే కార్డు అడిగి తీసుకోండి. మీ హెల్త్ ఇన్సూరెన్స్ అక్కడ పనిచేయకపోతే ఆ నాలుగు రోజులకు ట్రావెల్ పాలసీ తీసుకోండి. అక్కడ కార్డు గీకినప్పుడు అమెరికా డాలర్లలోనా అని మిషన్ అడిగితే కెనడా డాలర్లే నొక్కండి.

పోను రాను ఇంచుమించు 650 మైళ్లు. పెట్రోలు, న్యూయార్క్ థ్రూవే, ఒహాయో టర్న్‌పైక్ టోళ్లలో మీ వాటా 60 డాలర్లు అనుకోండి. మూడు రాత్రుల రూముల్లో సగం 300, తిండి 180, పడవ ఎక్కడానికీ చూడ్డానికీ 60. మొత్తం 600. జలపాతం ఒడ్డున నడవడానికీ, రాత్రి దాని మీద వేసే రంగుల దీపాలు చూడ్డానికీ టికెట్ లేదు. ఆయన కాసినోలోకి వెళ్లిన రెండు గంటలూ మీరు అక్కడే ఉండొచ్చు.

ఆ 600 మీ జేబులోంచి తీయక్కర్లేదు కూడా. ఆయన మీకు బాకీ ఉన్నది సరిగ్గా అంతే. ఈ వారంలోనే ఫోన్ చేసి, "ఒరేయ్, రూములూ పెట్రోలూ తిండీ టికెట్లూ ఈసారి నీ కార్డు మీదే వేసెయ్, నువ్వివ్వాల్సిన ఆరొందలూ దాంతో చెల్లు. ఆటకు మాత్రం నేను రాను, కార్డు బాకీ తీర్చేదాకా మానేశాను" అనండి. ఒప్పుకుంటే రూముల బుకింగ్ ఆయన పేరు మీద అయ్యాకే సెలవు పెట్టండి. ఒప్పుకోకపోతే ఆ 600 ముందు అడిగి తీసుకుని నేరుగా కార్డుకు కట్టేసి, నయాగరాకు వచ్చే వేసవిలో వెళ్లండి.