ఆ డిపాజిట్ ఊరికే పడి ఉన్న డబ్బు కాదు

ప్రశ్న: మాది జడ్చర్ల. నాకు 41 ఏళ్లు. పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీ స్టోర్స్‌లో పనిచేస్తున్నాను. నెలకు 40,000 రూపాయలు చేతికి వస్తాయి. నా భార్య ఇంట్లో బట్టలు కుట్టి మరో 6,000 సంపాదిస్తుంది. ఇద్దరు పిల్లలు, మా అమ్మ ఉన్నారు. ఖర్చులు పోను నెలకు 12,000 మిగులుతుంది. బ్యాంకులో 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఊరికే పడి ఉంది. సెజ్‌కు దగ్గరలో కార్మికులు ఉండే పది రేకుల గదులు 27 లక్షలకు అమ్మకానికి వచ్చాయి. ఇప్పుడు గదికి 2,000 అద్దె, మూడు గదులు ఖాళీ. టైల్స్, రంగులు, ముందు ఎలివేషన్ కలిపి 6 లక్షలు పెట్టి బాగు చేయిస్తే గదికి 3,000 చొప్పున 30,000 వస్తుందని అనుకుంటున్నాను. లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఇంతకు ముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు) లేవని బ్యాంకు ఇంటి లోను ఇవ్వలేదు. డిపాజిట్ 6 లక్షలు, 12 తులాల బంగారం మీద 9 లక్షలు, పర్సనల్ లోను 8 లక్షలు (14 శాతం, ఐదేళ్లు) సర్దుకుంటాను. మిగతా 10 లక్షలు మా బావమరిది తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి నగదుగా ఇప్పిస్తానంటున్నాడు. అద్దెలు కొద్దిగా తక్కువైతే జీతంలోంచి సర్దుకుంటాను. కొంత పన్ను కూడా కలిసివస్తుందని విన్నాను. బయానా 50,000 ఇచ్చాను, నెలాఖరుకు రిజిస్ట్రేషన్. ముందుకు వెళ్లవచ్చా?

జవాబు: వద్దు. రెండు రూపాయల వడ్డీ సంగతి తరువాత చెబుతాను గానీ, మీ ఉత్తరంలో నాకు ముల్లులా గుచ్చుకున్న మాట ‘ఊరికే పడి ఉంది’ అన్నది. అద్దె గదులు కొందామనుకునేవారు రాసే ఉత్తరాల్లో ఈ మాట తరచుగా కనిపిస్తుంది కాబట్టే మీ ప్రశ్నను ఎంచుకున్నాను. ఆ ఆరు లక్షలు తప్ప మీ ఇంట్లో ఆపదకు అక్కరకొచ్చే రూపాయి మరొకటి లేదు. ఉన్న బంగారాన్ని కూడా తాకట్టు పెట్టబోతున్నారు. అంటే ఒకే నెలలో మీ ఇంటి రెండు రక్షణలనూ తీసి ఆ పది రేకుల గదుల కింద పెట్టేస్తున్నారు.

మీ విషయంలో ఇది మామూలు కంటే ఎక్కువ ప్రమాదం ఎందుకో చూడండి. మీ జీతం సెజ్ నుంచి వస్తుంది. మీ గదుల్లో ఉండబోయేవారి కూలి కూడా ఆ సెజ్ నుంచే, దాని చుట్టూ జరిగే నిర్మాణ పనుల నుంచే వస్తుంది. మీ శ్రీమతిగారి దగ్గర బట్టలు కుట్టించుకునేవారిలో ఎందరి ఇళ్లు ఆ కంపెనీల మీద నడుస్తున్నాయో ఒకసారి లెక్కవేసుకోండి. అద్దె రెండో ఆదాయమని మీరు అనుకుంటున్నారు, నిజానికి అది మొదటి ఆదాయానికే మరో కొమ్మ. ఆర్డర్లు తగ్గి ఒక కంపెనీ రెండు షిఫ్టులను ఒకటి చేసినా, ఏదైనా ప్రమాదం జరిగి యూనిట్ నెలరోజులు మూతపడినా, మీ జీతం మీద కోత, గదులకు తాళాలు ఒకే నెలలో వస్తాయి.

2020 మార్చి చివరి వారం మీకు గుర్తుండే ఉంటుంది. ఒడిశా, బీహార్ కార్మికులు సంచులు భుజాన వేసుకుని 44వ నంబరు జాతీయ రహదారి మీద నడిచి వెళ్లడం మన కళ్ల ముందే జరిగింది. మూడు నెలలపాటు అద్దె అడగవద్దనీ, తరువాత వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోవాలనీ రాష్ట్ర ప్రభుత్వం అప్పుడు ఉత్తర్వు ఇచ్చింది, ఇవ్వడం న్యాయమే. రిజర్వు బ్యాంకు ఆగస్టు నెలాఖరు వరకు లోను వాయిదాలను వాయిదా వేసుకోనిచ్చింది గానీ వడ్డీ మాత్రం ఆగలేదు. ఇక రెండు రూపాయల వడ్డీకి ఇచ్చినవారికి ఏ ఉత్తర్వూ పట్టలేదు. షాద్‌నగర్ వైపు పద్నాలుగు గదులున్న ఒకాయన ఆ ఏడాది జూన్‌లో నా దగ్గరకు వచ్చారు. ఆయన గదుల్లో పన్నెండు ఖాళీ అయ్యాయి, ప్రైవేటు అప్పు వడ్డీ కట్టడానికి అప్పటికే మరో ప్రైవేటు అప్పు చేశారు. ఆయనకు ఆస్తి ఉంది, అయినా ఆ నెల బియ్యానికి తమ్ముణ్ణి అడగవలసి వచ్చింది.

అందుకే అద్దె గదులు కొనేవారికి ఒక అత్యవసర నిధి చాలదని, రెండు కావాలని నేను పట్టుబడతాను. మొదటిది ఇంటికి. ఆరు నెలల ఖర్చు చాలని సాధారణంగా చెబుతాను గానీ, మీ రెండు ఆదాయాలు ఒకే వేరు మీద ఉన్నాయి కాబట్టి మీకు తొమ్మిది నెలలు ఉండాలి. నెలకు 34,000 చొప్పున అది 3,06,000 అవుతుంది. రెండోది గదులకు. అవి మొత్తం ఖాళీగా ఉన్నా ఆరు నెలల వాయిదాలు కట్టగలగాలి. మీరు అనుకున్న అప్పుల ప్రకారం నెలకు 46,100 చొప్పున అది 2,76,600. రెండూ కలిపితే 5,82,600. మీరు ఊరికే పడి ఉందనుకుంటున్న ఆరు లక్షలు సరిగ్గా ఈ పనికే సరిపోతాయి. బోరు మోటారు కాలిపోతే మార్చడానికి అందులో ఓ 17,000 మిగులుతుంది, అంతే. ఆ డిపాజిట్‌ను కదిలించకుండా గదులు కొనలేకపోతే, గదులు కొనే స్తోమత మీకు ఇంకా రాలేదని అర్థం. మాట కటువుగా ఉన్నా ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

ఇప్పుడు ఆ 46,100 ఎలా వచ్చిందో చెబుతాను. పది లక్షలకు రెండు రూపాయల చొప్పున నెలకు వడ్డీ 20,000. బంగారం మీద 9 లక్షలకు ఏడాదికి పది శాతం అనుకుంటే నెలకు 7,500. పర్సనల్ లోను వాయిదా దాదాపు 18,600. మీ దంపతుల మొత్తం సంపాదన 46,000 కాగా, కట్టవలసింది 46,100. ఇందులో బంగారం అప్పు అసలు గానీ, పది లక్షల అసలు గానీ ఒక్క రూపాయి కూడా తీరదు. ఐదేళ్లు క్రమం తప్పకుండా వడ్డీ కట్టినా, 12 లక్షలు ఇచ్చిన తరువాత కూడా ఆ పది లక్షలు అలాగే ఉంటాయి. బంగారం అప్పును సాధారణంగా ఏడాదికి తీర్చడమో తిరగరాయించుకోవడమో చేయాలి, ఆ రోజు చేతిలో డబ్బు లేకపోతే నగలు వేలానికి వెళతాయి.

మన ప్రాంతంలో అందరికీ తెలిసిన పైసల లెక్కలోనే మీ రాబడిని చూద్దాం. మీరు చెప్పినట్టే పది గదులూ పన్నెండు నెలలు నిండి ఉన్నా, 33 లక్షల మీద ఏడాదికి 3,60,000 అంటే నూటికి నెలకు 90 పైసలు. అది కూడా కాగితం మీద. కార్మికుల గదుల్లో మనుషులు మారుతూనే ఉంటారు. ఏడాదిలో నెలన్నర ఖాళీ పోతుందనుకుంటే వచ్చేది 3,15,000. మోటారు కరెంటు, సెప్టిక్ ట్యాంకు, ఇంటి పన్ను, చిల్లర మరమ్మతులకు తక్కువలో తక్కువ 45,000 తీసేస్తే 2,70,000 మిగులుతుంది. రిజిస్ట్రేషన్ ఖర్చును మీరు అసలు లెక్కలోకే తీసుకోలేదు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ఫీజులు కలిపి ఏడున్నర శాతం, అంటే 27 లక్షల మీద 2,02,500. దాంతో పెట్టుబడి 35 లక్షలు దాటుతుంది, రాబడి 64 పైసలకు దిగుతుంది. 64 పైసలు వచ్చే ఆస్తి కోసం రెండు రూపాయలకు అప్పు తెస్తానని, పైగా తక్కువైతే ‘కొద్దిగా’ జీతంలోంచి సర్దుకుంటానని రాశారు. ఆ కొద్ది నెలకు 23,600. మీకు మిగిలేది 12,000. తక్కిన 11,600 కోసం ప్రతి నెలా ఎవరి గుమ్మం ముందు నిలబడతారు?

నగదు సంగతి కూడా ఉంది. 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది. ఉల్లంఘిస్తే అప్పు మొత్తానికి సమానమైన పెనాల్టీ పడే అవకాశం ఉంది, అదీ తీసుకున్నవారి మీద. ఇప్పించిన బావమరిదిగారు సహజంగానే మధ్యలో హామీగా ఉంటారు. ఒక్క నెల వడ్డీ తప్పితే రెండు కుటుంబాల మధ్య మాటలు పోతాయి. పన్ను కలిసిరావడం అంటారా, కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి పన్నే పడదు, మీ జీతం, ఈ అద్దె కలిపినా అందులో దాదాపు మూడింట రెండు వంతులే అవుతుంది.

బ్యాంకు లోను ఇవ్వకపోవడాన్ని మీరు అడ్డంకిగా రాశారు. నేనైతే దాన్ని ఉచితంగా దొరికిన న్యాయ సలహా అంటాను. వడ్డీ సంపాదించడమే వ్యాపారంగా ఉన్న సంస్థ ఆ కాగితాలు చూసి వెనక్కి తగ్గిందంటే, రేపు మీరు అమ్మబోయినప్పుడు కొనేవారికీ లోను దొరకదు. అప్పుడు ఇవాళ మీలాగే నగదు తెచ్చేవారి కోసం వెతుక్కోవాలి, వారు చెప్పిన ధరకే ఇవ్వాలి.

బాగు చేయించే విషయంలో మీ అంచనా తలకిందులుగా ఉంది. పన్నెండు గంటల షిఫ్టు దిగి వచ్చిన మనిషికి కావలసింది ఎలివేషన్ కాదు, స్నానానికి నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, వానకు కారని కప్పు, ఏప్రిల్‌లో కాస్త నిద్రపట్టనిచ్చే గది. పాలమూరు నుంచి ముంబై, పుణె వలస వెళ్లిన మనవాళ్లు ఇలాంటి గదుల్లోనే బతికారు. ఏ గది వదిలేశారో, ఏ గదిలో ఏళ్లతరబడి ఉన్నారో మన ఊళ్లలో పెద్దవారిని అడిగినా చెబుతారు. ఈ గదులను గానీ, మరెప్పుడైనా మరో చోట గానీ తీసుకుంటే మొదటి రూపాయి వైరింగ్‌కు పెట్టండి. తడిసిన గోడకు పాత వైరు తగిలితే ప్రాణం పోతుంది. షాకు కొట్టగానే సరఫరాను ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించడానికి మీ టైల్స్ ఖర్చులో చిన్న భాగం చాలు. తరువాత సంపు, మరుగుదొడ్లు, ఆ తరువాతే కప్పు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, పగలగొట్టినా కోసినా వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు కాబట్టి నీళ్లతో తడిపి, విరగకుండా దించమని మేస్త్రీకి చెప్పాలి. పది గదులకూ ఒకే మీటరు ఉంటే యూనిట్లన్నీ కలిసి పై శ్లాబులోకి వెళతాయి, బిల్లు దగ్గర రోజూ తగవులే, అందుకని విడివిడి మీటర్లు అడగండి. ఇవన్నీ రెండేసి గదుల చొప్పున, వచ్చిన అద్దెలోంచి చేయించవలసిన పనులు. ఒక్కసారిగా 2,000 అద్దెను 3,000 చేస్తే, ఉన్న ఏడు కుటుంబాలలో సగం పక్క లైనుకు మారిపోతాయి. వారు ఇచ్చే అడ్వాన్సును కూడా ఖర్చు పెట్టకండి, అది మీ డబ్బు కాదు.

మీరు బీమా మాట ఎత్తలేదు. 41 ఏళ్ల వయసులో, నలుగురు మీ మీద ఆధారపడి ఉండగా, కనీసం 75 లక్షల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా) లేకుండా అప్పు గురించి ఆలోచించనే కూడదు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి కుటుంబానికి సొంత పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల ప్రీమియంపై జీఎస్టీ తీసేశారు, ఇంకా ఖరీదని వాయిదా వేయడానికి సాకు లేదు. ఈ రెండు ప్రీమియంలు పోను మీ 12,000లో మిగిలినదాన్ని మూడేళ్లు రికరింగ్ డిపాజిట్‌లోనో, కొంత షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లోనో వేయండి. మీకు సొంత ఇల్లు ఉండి పెరట్లో చోటు ఉంటే ఆ డబ్బుతో అక్కడే రెండు గదులు వేసుకోవచ్చు.

ఇక బయానా. అమ్మేవారితో ఇవాళే మాట్లాడండి. లింకు డాక్యుమెంట్లు తెచ్చి ఇస్తే తప్ప రిజిస్ట్రేషన్ చేసుకోనని రాతపూర్వకంగా చెప్పండి, ఒప్పంద పత్రంలో టైటిల్ (యాజమాన్య హక్కు) గురించి ఏం రాసుకున్నారో ఒక వకీలుకు చూపించండి, డబ్బు తిరిగి అడగండి. ఇస్తే మంచిదే. ఇవ్వకపోయినా బెంగపడకండి, ఆ 50,000 మీరు తేబోతున్న పది లక్షలకు రెండున్నర నెలల వడ్డీ మాత్రమే.