పరుగెత్తే మేనకోడలికి పండ్లూ కూరల లెక్క

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు పేరిచ్చావని, తెల్లవారకముందే లేచి పరుగు సాధన చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఆ వెంటనే నీ తిండి సంగతీ చెప్పింది. పొద్దున గిన్నెడు పండ్ల ముక్కలు, సాయంత్రం వడగట్టిన బత్తాయి రసం, రాత్రి అన్నం మానేసి బొప్పాయి! బడి మైదానంలో పిల్లల్ని పరుగెత్తించి పింఛను తీసుకుంటున్నవాణ్ని, విని ఊరుకోలేకపోయాను.

పండూ కూరా రెండూ మంచివే కదా అని ఒకే ఖాతాలో వేయకు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన సూచనలు చూడు. రోజుకు 2000 కిలో కేలరీల ఆహారంలో ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలన్నారు. నీ దగ్గర ఆ లెక్క తలకిందులైంది. నువ్వు పరుగెత్తేదానివి, ఒంట్లో శక్తి ఖర్చు ఎక్కువ, పండు ఇంకొంత పెరిగినా తప్పులేదు. కూరను పక్కకు నెట్టి పెరగడమే తప్పు. అన్నట్టు, బంగాళాదుంప వేపుడును కూరగాయల్లో కలిపి లెక్క చూపించకు. అది అన్నం పక్షం.

పండు తినవలసింది పరుగుకు అటూ ఇటూ. బయలుదేరే ముందు, ఓ అరగంటో ముప్పావుగంటో ఉందనగా ఒక అరటిపండు తిను. వంద గ్రాముల గుజ్జులో 20 గ్రాములకు పైనే పిండిపదార్థం ఉంటుంది, తేలిగ్గా అరుగుతుంది. జామకాయ ఆ వేళకు వద్దు. అంత పీచుతో, గింజలతో పరుగెత్తితే కడుపు ఊరుకోదు. దాన్ని మధ్యాహ్నానికి దాచుకో, విటమిన్ సి విషయంలో నారింజ దాని ముందు నిలవదు. రసం తీయడం మాత్రం మానెయ్, నమలడానికి పళ్లున్నాయిగా. ఇక చెమటలో ఎక్కువగా పోయే లవణం సోడియం, అది అరటిపండులో దాదాపు లేదు. ఎండలో పరుగెత్తిన రోజున ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ తాగు.

కూర సంగతి కాస్త ఓపిగ్గా చదువు, ఆడపిల్లలకు ఇది ముఖ్యం. నెలసరిలో ఇనుము పోతుంది, దూరపు పరుగులు దానికి తోడవుతాయి. తోటకూరలో, పప్పులో ఉండే ఇనుము మన ఒంటికి అంత సులువుగా పట్టదు. విటమిన్ సి తోడైతే బాగా పడుతుంది. అందుకని తోటకూర పప్పు దించాక నిమ్మకాయ పిండు, మంట మీద ఉండగా పిండితే ఆ విటమిన్ కొంత పోతుంది. లేదా భోజనంతోపాటే ఆ జామకాయ తిను. భోజనం కాగానే టీ తాగే అలవాటు ఉందట నీకు, అది ఇనుమును అడ్డుకుంటుంది. గంటన్నా ఆగు. ఇంత చేసినా ఆయాసం, నీరసం వదలకపోతే ఆకుకూరల మీద భారం వేసి కూర్చోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకో.

తాలింపుకు భయపడి ఉడకబెట్టిన క్యారెట్ ముక్కలు తింటున్నావట, రుచీ పచీ లేకుండా! క్యారెట్‌లో, ఆకుకూరల్లో ఉండే, ఒంట్లో విటమిన్ ఎగా మారే కెరోటిన్ మనకు పట్టాలంటే కాస్త నూనె ఉండాలి. చెంచాడు నూనెతో హాయిగా తాలింపు పెట్టుకో.

అలాగని రేపటినుంచి పచ్చి ముక్కల గిన్నెల మీద పడకు. కీరదోస, క్యాబేజీలతో కడుపు నిండిపోతే అన్నానికీ గుడ్డుకూ చోటెక్కడ? సాధన చేసేవాళ్లు అలా చిక్కిపోవడం చాలాసార్లు చూశాను. మధ్యాహ్నం ఒక కూర, ఒక ఆకుకూర పప్పు, రాత్రి ఇంకో కూర, పక్కన నాలుగు పచ్చి ముక్కలు. అంతకు మించి అక్కర్లేదు.

ఆదివారం దూరపు పరుగు ఉంటే శనివారం రాత్రి గోరుచిక్కుడు, ఆకుకూర రెండూ వద్దు, వాటిలో పీచు ఎక్కువ. చెక్కు తీసిన సొరకాయో బీరకాయో వండుకుని పెరుగన్నంతో ముగించు. పోటీ ముందు రాత్రి కూడా ఇదే వరస. ఆ రోజు కొత్త పండు ఏదీ ముట్టుకోకు, ఎవరు ఎంత బాగుందని పెట్టినా సరే. ఈ నెలలోనే ఒక ఆదివారం ఇలా తిని పరుగెత్తి చూసి, కడుపు ఎలా ఉందో నాకు ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య