కోచ్ కుర్చీలో నాన్న

ప్రశ్న: నేను ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని. ఒకప్పుడు యూనివర్సిటీ జట్టుకు షటిల్ ఆడాను. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఏడో ఏట నుంచి కోచింగ్ నేనే ఇస్తున్నాను. అండర్-13లో జిల్లా గెలిచింది, రాష్ట్ర పోటీల్లో క్వార్టర్స్ దాకా వెళ్ళింది. అండర్-15లోకి వచ్చాక మాత్రం మొదటి రెండు రౌండ్లలోనే ఓడిపోతోంది. తప్పులు అప్పటికప్పుడు చెబితేనే గుర్తుంటాయని బండి మీద ఇంటికొచ్చేటప్పుడే చెబుతుంటాను. ఈమధ్య ఊఁ కొట్టడం కూడా మానేసింది. టోర్నమెంటు ముందురోజు కడుపునొప్పి అంటుంది. ప్రాక్టీసంటే బద్ధకం, కానీ సాయంత్రం వీధిలో పిల్లలతో మాత్రం చీకటి పడేదాకా షటిలే ఆడుతుంది. మా ఆవిడ హైదరాబాద్ అకాడమీలో అయినా వేయండి, లేదా మాన్పించి ఐఐటీ ఫౌండేషన్‌లో అయినా చేర్చండి అంటోంది. చదరంగం క్రీడాకారిణి కోనేరు హంపి గారి నాన్నగారు ఉద్యోగం వదులుకుని నేర్పినట్టు, నేనూ రెండేళ్ళు సెలవు పెట్టి పూర్తిగా అమ్మాయి మీదే దృష్టి పెడదామనుకుంటున్నాను. సరైన నిర్ణయమేనా?
— ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: మాస్టారూ, సెలవు చీటీ ఇంకా ఇచ్చి ఉండకపోతే ఇవ్వకండి. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు ఆ కడుపునొప్పి సంగతి చూడండి.

మీ ఉత్తరంలో దాన్ని బద్ధకం పక్కన రాశారు. పదమూడేళ్ళ ఆడపిల్ల కడుపునొప్పి అంటే మొదట వాళ్ళమ్మతో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నెలసరి నొప్పి కావచ్చు. ఆ విషయం నాన్నకే చెప్పడం కష్టం, ఇక ఆ నాన్నే కోచ్ కూడా అయితే ఎవరితో చెబుతుంది? డాక్టరు ఏమీ లేదన్నా అది నటన అనుకోకండి. రేపటి మ్యాచ్ గురించిన బెంగ పిల్లల్లో కడుపులోనే కూర్చుంటుంది, నొప్పి నిజంగానే వస్తుంది.

ఇక మీ ఉత్తరంలో నేను గీత గీసుకున్న వాక్యం, మీరు ఫిర్యాదుగా రాసిందే: వీధిలో చీకటి పడేదాకా ఆడుతుంది. ఆటంటే విసుగొచ్చిన పిల్ల సాయంత్రం బ్యాటు ముట్టుకోదు. మీ అమ్మాయికి షటిల్ మీద మోజు తగ్గలేదు. మీ ఎదురుగా ఆడటమే భారమైంది. ఇది చదివి నొచ్చుకోకండి, కాస్త ఊరట పడండి. మోజు పోయి ఉంటే మనం చేయగలిగింది పెద్దగా ఉండేది కాదు.

'పెరటి చెట్టు మందుకు పనికిరాదు' అంటారు కదా. మీకు ఆట రాదని కాదు. ఆరేళ్ళలో రాష్ట్ర క్వార్టర్స్ దాకా తీసుకెళ్ళారంటే గ్రిప్పు, ఫుట్‌వర్కు గట్టిగానే వేసి ఉంటారు. ఇబ్బంది అంతా మిగతా పిల్లలకు ఉన్న ఒక సదుపాయం మీ అమ్మాయికి లేకపోవడంలో ఉంది. వాళ్ళు కోచ్ తిడితే ఇంటికి వెళ్ళిపోతారు. మీ అమ్మాయి ఇంటికి కూడా కోచే వస్తాడు.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. మా నాన్న లెక్కల మాస్టారు, ఏడు నుంచి పది దాకా ఆయన క్లాసులోనే చదివాను. బళ్ళో సార్, ఇంట్లో నాన్న. సొంత కూతురని చూసీ చూడనట్టు వదిలేస్తున్నారన్న మాట రాకూడదని, వేరే పిల్లలకు ఊరుకునే తప్పుకు నాకు దెబ్బ పడేది. ఇంటికొచ్చి అమ్మకు చెప్పుకుందామంటే, కొట్టిన సారే పక్క పీట మీద కూర్చుని అన్నం తింటూ ఉండేవారు. లెక్కలు బాగానే వచ్చాయి. కానీ ఆ నాలుగేళ్ళలో మా నాన్నతో లెక్కలు కాక ఇంకేం మాట్లాడానో ఎంత తలుచుకున్నా గుర్తు రాదు.

హంపి గారి సంగతికి వస్తాను, ఎందుకంటే ఆ ఉదాహరణ తప్పు కాదు. గుడివాడలో పుట్టిన అమ్మాయి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది, 2019లోనూ 2024లోనూ ర్యాపిడ్ చెస్‌లో (తక్కువ సమయంలో ఆడే చదరంగంలో) ప్రపంచ ఛాంపియన్ అయింది. నేర్పింది తండ్రి అశోక్ గారే, ఆయనకు ద్రోణాచార్య అవార్డు కూడా వచ్చింది. కానీ చదరంగం వేరు. తండ్రీ కూతురూ ఒక బోర్డు ముందు కూర్చుంటే ప్రపంచంలోని ఆటలన్నీ ఆ బల్ల మీదికి తెచ్చుకోవచ్చు. షటిల్‌కి ఎదురుగా మనిషి ఉండాలి, అదీ రోజుకొకరు, తనకంటే కాస్త గట్టిగా కొట్టేవాళ్ళు. మీరు బుట్టెడు షటిల్స్ పెట్టుకుని ఒక్కొక్కటీ అందిస్తూ ఎంత బాగా ఫీడింగ్ చేసినా, షటిల్ ఎటు వస్తుందో మీ భుజం చూసి ఆమె ముందే చెప్పగలదు. ఆరేళ్ళుగా చూస్తున్న భుజం మరి. అండర్-15లో ఓడిపోవడానికి సగం కారణం ఇక్కడే ఉందని నా అనుమానం. అండర్-13లో షటిల్‌ని లోపల ఉంచి నాలుగు మూలలా పరుగెత్తించినవాళ్ళు గెలుస్తారు. పై వయసులో పవర్ వస్తుంది, మోసపుచ్చే షాట్లు వస్తాయి, పిల్లల పొడవులు మారిపోతాయి. కొత్త చేతులకు ఎదురు ఆడకుండా అవి అలవాటు కావు. ఇంకో మాట. కూతురి కోసం ఉద్యోగం మానేసిన తండ్రి కథ కలిసొస్తేనే పేపర్లో వస్తుంది. కలిసిరానివాళ్ళలో కొందరు నా దగ్గరికి వస్తుంటారు, అందుకే సెలవు చీటీ వద్దన్నాను. మీరు జీతం వదులుకుని కోర్టు దగ్గర నిలబడితే, ప్రతి ఓటమిలోనూ ఆ పిల్లకు మీ జీతం కూడా కనబడుతుంది.

మీకు నిజంగా దగ్గరి ఉదాహరణ అమలాపురంలో ఉంది. డబుల్స్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ తండ్రి మీలాగే వ్యాయామ ఉపాధ్యాయుడు, మీలాగే షటిల్ ఆడినవారు. నాన్నను, అన్నను చూసి ఆ అబ్బాయి ఆటలోకి వచ్చాడు. 2014లో, మీ అమ్మాయికి కాస్త అటూ ఇటూ వయసులో, హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీలో చేరాడు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో జోడీ చిరాగ్ శెట్టితో కలిసి తెచ్చింది మన దేశానికి బ్యాడ్మింటన్లో మొదటి ఆసియాడ్ స్వర్ణం. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌కి కూడా తొలి పాఠాలు చెప్పింది తండ్రే. ఏడాది గడిచాక 2009లో విశాఖలోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రానికి, కోచ్ ఐ.వి. రావు గారి శిక్షణకు పంపారు. ఇక సింధు తల్లిదండ్రులు ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు, తండ్రి రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు మనిషి. కూతురు షటిల్ అంటే సికింద్రాబాద్ రైల్వే కోర్టుల్లో మెహబూబ్ అలీ గారి దగ్గర చేర్చి, తాను రోజూ తీసుకెళ్ళి తీసుకొచ్చే పని పెట్టుకున్నారు. అర్జున అవార్డు ఉన్న ఆటగాడు డ్రైవరుగా ఉండటానికి నామోషీ పడలేదు. ఆయన రైల్వే ఉద్యోగానికి సెలవు పెట్టింది రియో ఒలింపిక్స్ ముందు, అప్పటికే సింధు దగ్గర రెండు ప్రపంచ ఛాంపియన్‌షిప్ పతకాలున్నాయి. పదమూడేళ్ళప్పుడు కాదు.

అలాగని రేపే హైదరాబాద్ పంపమనడం లేదు. ఆరేళ్ళుగా పక్కనే ఉన్న నాన్నని తప్పించి, ఒక్కసారిగా హాస్టల్లో పడేస్తే 'నాన్న నన్ను వదిలేశాడు, ఓడిపోతున్నానని' అనుకుంటుంది. మొదట వారానికి మూడు రోజులు గుంటూరులోనో విజయవాడలోనో వేరే కోచ్ దగ్గర ఆడనివ్వండి. ఆ మూడు రోజులూ మీరు బండి నడపండి, బ్యాటు గట్స్ (తీగలు) తెగితే వేయించండి, కోర్టు లోపలికి మాత్రం వెళ్ళకండి. గేటు బయట టీ బడ్డీ ఉంటుంది, అక్కడ కూర్చోండి. మొదటి పదిహేను రోజులు చాలా కష్టం, ముందే చెబుతున్నాను. కొత్త కోచ్ మీరు నేర్పిన బ్యాక్‌హ్యాండ్ మారుస్తాడు. మార్చనివ్వండి. ఇంట్లో 'అలా కాదు, ఇలా' అన్నారంటే పిల్లకి ఇద్దరు కోచ్‌లు, సున్నా నాన్నలు.

మిగతా రోజుల్లో మీ దగ్గరే ఆడాలనుకుంటే ఆడనివ్వండి, కానీ ఒంటరిగా వద్దు. మీ బళ్ళో షటిల్ పట్టుకునే పిల్లలు అయిదారుగురు ఉండకపోరు. వాళ్ళందరికీ నేర్పండి, అందులో ఒకరిగా మీ అమ్మాయిని నిలబెట్టండి. ఇది మీ ఉద్యోగ జీవితానికీ మంచిది. కోచ్‌లను తయారుచేసే పాటియాలా ఎన్ఐఎస్‌లో (జాతీయ క్రీడా సంస్థలో) ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది, వేసవిలో వీలు చూసుకుని చేయండి. నేర్పాలన్న తపన మీలో బాగా ఉంది, దానికి ఒక్క పిల్ల చాలదు.

వేసవి సెలవుల్లో నాలుగు వారాలు హైదరాబాద్ అకాడమీలో క్యాంపుకి పంపి చూడండి. చేర్చేముందు గోడ మీది పెద్ద పేరు చూడకండి. ఆ పేరున్నాయన ఏ కోర్టులో నిలబడతాడో, మీ అమ్మాయి కోర్టులో ఎవరు నిలబడతారో, కోర్టుకి ఎంతమంది పిల్లలో ఒక పూట కూర్చుని లెక్కపెట్టండి. ఫీజులో ఈక షటిల్స్ కలిపారో లేదో అడగండి, చాలా ఇళ్ళలో బడ్జెట్ తలకిందులయ్యేది అక్కడే. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్ రాత్రి ఉంటుందా, బడి ఎంత దూరం అన్నవి మీ ఆవిడ చూడాలి, మీరు కాదు. మీకు కోర్టు కనబడితే మిగతాది కనబడదు.

ఫౌండేషన్ కోర్సు గురించి మీ ఆవిడ గారి భయం అన్యాయమైంది కాదు. కానీ ఆట మాన్పిస్తే ర్యాంకు వస్తుందనీ, ఆడిస్తే కోటాలో సీటు వస్తుందనీ రెండూ నమ్మకండి. రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశాల్లో క్రీడల కోటా అర శాతం, దానికీ జాతీయ, అంతర్జాతీయ స్థాయి సర్టిఫికెట్లవాళ్ళే ముందు వరసలో ఉంటారు. ఐఐటీ మద్రాసు 2024 నుంచి క్రీడాకారులకు ఒక్కో కోర్సులో రెండు అదనపు సీట్లు ఇస్తోంది, అందులో ఒకటి అమ్మాయిలకే. కానీ జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు ఉండాల్సిందే. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియాకి ఎంపికైతే శిక్షణ ఖర్చు కాక నెలకు పదివేలు చేతి ఖర్చుకి వస్తాయి, ఎంపికైతేనే. కాబట్టి పదో తరగతి దాకా లెక్కలు, సైన్సు మామూలు బడి స్థాయిలో గట్టిగా ఉంచండి, ఉదయం ఆట, సాయంత్రం చదువు. ఎటు వెళ్ళాలో అప్పుడు ఆ అమ్మాయే చెబుతుంది, అప్పటికి చెప్పే వయసు కూడా వస్తుంది.

బండి మీద చెప్పే తప్పుల లెక్క మాత్రం ఈ రోజు నుంచే ఆపండి. అప్పుడే గుర్తుంటాయన్నారు, నిజమే, కానీ గుర్తుండేది మీ గొంతు, తప్పు కాదు. ఓడిన పిల్ల నాన్న వెనక సీట్లో కూర్చుని ఉంటుంది, దిగిపోవడానికి లేదు, ముఖం చూపించనక్కర్లేదు కనుక ఏడుస్తుంది కూడా. చెప్పాల్సింది నోట్‌బుక్‌లో రాసుకోండి, రెండు రోజులాగి ఆమె అడిగితే చూపించండి. అడగకపోతే కొత్త కోచ్‌కి ఇవ్వండి.

వచ్చే జిల్లా టోర్నమెంటుకి ఇంకెంతో సమయం లేదనుకుంటాను. ఆ రోజు కోర్టు వెనక కోచ్ కుర్చీలో మీరు కూర్చోకండి. 11 పాయింట్ల దగ్గర వచ్చే నిమిషం విరామంలో మీరు చెప్పగలిగేది ఎలాగూ రెండు వాక్యాలే. మీ పక్క స్కూల్ పీఈటీని కూర్చోమనండి, ఆయనకి కుదరకపోతే కుర్చీ ఖాళీగా ఉండనివ్వండి. కోచ్ ఉండి తీరాలన్న నియమం లేదు. మీరూ మీ ఆవిడా గ్యాలరీలో పైవరసలో కూర్చోండి, టిఫిన్ డబ్బా తీసుకెళ్ళండి. మొదటి గేములో ఆమె కుర్చీ వైపు రెండు మూడుసార్లు చూస్తుంది. మీరు లేచి నిలబడకండి.