ఐదు తరగతులు, ఒక కొబ్బరిచెట్టు

చి.ల.సౌ. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

హెడ్మాస్టరు బాధ్యత తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషమమ్మా. నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. యాభై మంది పిల్లలు, నీతో కలిపి ఇద్దరే టీచర్లు. ఒక్కొక్క పిల్లాడిలో ఒక్కో నేర్పు ఉందని కంటికి కనపడుతోందనీ, దాన్ని పైకి తేవడం మీ టీచరుగారికి ఎలా అలవాటు చెయ్యాలో తెలియడం లేదనీ రాశావు. నాకు తెలిసింది చెబుతాను.

విద్యాహక్కు చట్టం లెక్కలో 60 మంది దాకా ప్రైమరీ బడికి ఇద్దరు టీచర్లు. కోనసీమ లంకల్లో చాలా బళ్ళు అలానే నడుస్తున్నాయి. ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చోవడం మనకి ఎలాగూ తప్పదు. దాన్ని ఇబ్బందిగా చూడకుండా వారానికి ఒక పూట, శనివారం మధ్యాహ్నం అనుకో, కావాలనే కలిపేసెయ్యి. ఎనిమిది పది మంది చొప్పున జట్లు కట్టు. ప్రతి జట్టులో చిన్నవాళ్ళూ పెద్దవాళ్ళూ ఉండాలి, వేరువేరు వీధులవాళ్ళు ఉండాలి. ఆరేడు వారాలు ఒకటే పని చేయించు.

పని ఎంచుకోవడంలోనే సగం ఉంది. చార్టు మీద బొమ్మలు అతికించి గోడకి తగిలించేది పెట్టుకోవద్దు. ఆ పనిలో ఐదో తరగతివాడు కత్తిరిస్తాడు, ఒకటో తరగతివాడు జిగురు సీసా పట్టుకుని నిలబడతాడు. పిల్లలకి జవాబు తెలియని పని కావాలి, టీచరుకీ పూర్తిగా తెలియకపోతే మరీ మంచిది. చివరికి వచ్చినదాన్ని ఊళ్ళో ఎవరైనా నిజంగా వినాలి, వాడుకోవాలి.

మేము చేసిన వాటిలో నాకు బాగా నచ్చింది బడి ఆవరణలో కొబ్బరిచెట్టు వయసు కనిపెట్టడం. నీకు తెలుసుగా, కొబ్బరిచెట్టు ఇంచుమించు నెలకో కొత్త మట్ట వేస్తుంది. పాత మట్ట రాలిన చోట కాండం మీద గంటు మిగిలిపోతుంది. గంట్లు లెక్కపెట్టి 12తో భాగిస్తే వయసు సుమారుగా తెలుస్తుంది. మొదట్లో గంట్లు సరిగ్గా కనపడవు కాబట్టి కొన్నేళ్ళు కలుపుకోవాలి. దింపు తీయడానికి, అంటే చెట్టెక్కి కాయలు కొయ్యడానికి, వచ్చినాయన్ని బతిమాలి, అప్పుడే విచ్చుకున్న మట్టకి ఎర్రగుడ్డ కట్టించాం. తర్వాతి దింపుకి ఆ గుడ్డకి పైన ఎన్ని కొత్త మట్టలు వచ్చాయో ఆయనే చూసి చెప్పాడు. నెలకొకటి అనే మాట నిజమో కాదో పిల్లలకి అలా తెలిసింది.

ఐదో తరగతి మగపిల్లలు చెట్టు ఎత్తు నీడతో కొలిచారు. ఒక కర్ర నీడ, చెట్టు నీడ, ఒక చిన్న లెక్క. తర్వాత తమ ఛాతీ ఎత్తులో ఒక మీటరుకి ఎన్ని గంట్లున్నాయో చూసి, దాన్ని ఎత్తుతో గుణించి, జవాబు వచ్చేసిందని చప్పట్లు కొట్టుకున్నారు. ఆ జట్టులో రెండో తరగతి పిల్ల ఒకతె ఉండేది. క్లాసులో పిలిస్తే తల వంచుకునే పిల్ల. ఆ పిల్ల మెడ వెనక్కి వాల్చి పైకే చూస్తూ, "పైన గీతలు ఇరుగ్గా ఉన్నాయి కదా" అంది. ఎవరూ వినిపించుకోలేదు. నేను విన్నాను. "అన్నయ్యలకి ఎలా చూపిస్తావమ్మా?" అని మాత్రం అడిగాను. కాసేపు ఆలోచించి, నా ఫోన్ అడిగింది. పైభాగాన్ని దగ్గరగా ఫోటో తీయించి, కిందిభాగం ఫోటో పక్కన పెట్టించింది. చెట్టు ముదిరేకొద్దీ నిదానంగా పెరుగుతుంది, గంట్లు దగ్గరపడతాయి. మగపిల్లలు లెక్క మళ్ళీ చేశారు, ఈసారి కింద వేరుగా, పైన వేరుగా. వయసు పెరిగింది.

"భలే చెప్పావు, నువ్వే కరెక్ట్" అని ఆ పిల్లని నేను మెచ్చుకుని ఉంటే అక్కడితో అయిపోయేది. ఎలా చూపిస్తావని అడిగినందువల్ల గమనించడంతో పాటు రుజువు చూపించడం కూడా నేర్చుకుంది. ఆ పై వారం బడి ముందున్న పాతచెట్టునీ కొత్తచెట్టునీ పోల్చే పని ఆ పిల్లకే అప్పగించాను. మీ టీచరుగారికి నువ్వు నేర్పాల్సింది ఇదే. పిల్లలో ఒక నేర్పు కంటపడగానే దానికి ఒక మెట్టు పైన ఉన్న పని చేతికివ్వాలి. మెచ్చుకోలు ఆ తర్వాత.

అమెరికాలో జోసెఫ్ రెంజుల్లి అనే విద్యావేత్త 1978లో ఒక మాట చెప్పాడు. సగటుకి మించిన సామర్థ్యం, సృజన, పట్టిన పని వదలని పట్టుదల, ఈ మూడూ ఒక పని మీద కలిసినచోట ప్రతిభ ఉంటుందని. తరగతులతో పని లేకుండా, ఇష్టాన్ని బట్టి పిల్లల్ని జట్లు చేసి నిజమైన పనులు చేయించాలన్నదీ ఆయన పద్ధతే. అందులో పట్టుదల సంగతి మన పరీక్షల్లో కనపడదు. శనివారం పనిలోనే కనపడుతుంది. అందుకని మీ టీచరుగారి చేత ఒక నోట్‌బుక్కు పెట్టించు, పిల్లకో పేజీ. "చురుకైనవాడు", "మందబుద్ధి" లాంటి మాటలు అందులో రాయకూడదు. ఏం చేశాడో రాయాలి. "కొలత తేడా వచ్చిందని ఎవరూ చెప్పకుండానే మళ్ళీ మొదటినుంచీ కొలిచాడు." "ఇద్దరు పోట్లాడుకుంటుంటే వంతులు పెట్టి సర్దింది." వారానికి ముగ్గురి గురించి రాసినా చాలు.

ఇక టీచరు టెన్షన్. సిలబస్ ఎప్పుడవుతుంది, యాప్‌లో ఎప్పుడు ఎక్కించాలి అని ఆవిడ అడుగుతుంది. అడగడం న్యాయమే. ఆర్డరు వేసినట్టు చెప్పకు. మొదటి రెండు శనివారాలు నువ్వే జట్టుతో కూర్చో, ఆవిణ్ణి పక్కన ఉండి చూడమను. బడి వదిలాక పది నిమిషాలు కూర్చుని, "ఇవాళ ఎవరిలో ఏం చూశారండీ?" అని అడుగు. అంతకంటే ఎక్కువ అడగొద్దు. ఆవిడ ఒక పిల్లాడి పేరు చెప్పిన రోజున పని మొదలైనట్టే. భాగహారం, కొలతలు, వాక్యాలు రాయడం అన్నీ పనిలోనే వచ్చాయని పాఠ్యపుస్తకం తెరిచి చూపించు. ఆ పాఠాలకి ఎలాగూ పీరియడ్లు ఖర్చవుతాయి, వాటిలో ఒకటి రెండు ఇక్కడ మిగులుతాయి.

జాగ్రత్తలు కొన్ని. పెద్దపిల్లలు చిన్నవాళ్ళ చేతిలోంచి పెన్సిలు లాక్కోకూడదు, ఇదొక్కటి మొదటిరోజే ఖచ్చితంగా చెప్పు. ఆడపిల్లలకి ముగ్గులూ అలంకరణా, మగపిల్లలకి టేపూ కొలతలూ అని దానంతటదే విడిపోతుంది. కనిపెట్టి మార్చు. "వీడికి బొమ్మలే వచ్చు" అన్న ముద్ర వేయనివ్వకు, బొమ్మలు వేసేవాడి చేత నెలకోసారైనా లెక్క చెప్పించు. కాయలున్న చెట్టు మొదట్లో పిల్లల్ని కూర్చోబెట్టొద్దు, చెట్టు ఎక్కనివ్వొద్దు. కాలువ గట్టు మీద పని పెట్టుకుంటే తల్లిదండ్రులు తోడు లేకుండా వెళ్ళొద్దు.

చెట్టు పని అయ్యాక ఇంకోటి చెబుతాను. 1996 నవంబరు 6 తుఫాను గురించి ఊళ్ళో తాతలనీ మామ్మలనీ అడిగి రాయడం. మూడో తరగతివాళ్ళు ప్రశ్నలు అడుగుతారు, ఐదో తరగతివాళ్ళు రాసుకుంటారు, చిన్నవాళ్ళు ఆ ఇంట్లో అప్పుడు ఏం మిగిలిందో బొమ్మ వేస్తారు. మాట్లాడించే నేర్పు ఉన్న పిల్లలు ఎవరో నీకు అక్కడ తెలుస్తుంది. మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళకి ముందు నువ్వు వెళ్ళి అడిగి, వాళ్ళు సరేనంటేనే పంపించు. రాసింది పేరెంట్స్ మీటింగులో పిల్లలే చదవాలి.

మొదటి నెల నోట్‌బుక్కు పేజీలు రెండు మూడు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపించు. పిల్లల పేర్ల మీద వేలు అడ్డం పెట్టి తియ్యి. చూసి, ఎవరికి తర్వాత ఏం పని ఇవ్వచ్చో నాకు తోచింది రాస్తాను. మీ టీచరుగారికి నా నమస్కారాలు చెప్పు.

మీ మావయ్య