విజయవాడకు పదకొండు గళ్లు

చిరంజీవికి ఆశీస్సులు.

సి భాషలో నువ్వు రాసిన బస్ పాస్ ప్రోగ్రాంలో గుంటూరు అని కొడితే అంతా సవ్యంగా ఉందనీ, విజయవాడ అని కొడితే పాస్ నంబరు ఖాళీగా వస్తోందనీ రాశావు. నంబరు జోలికి వెళ్లకు. ఇంగ్లిష్ స్పెల్లింగులో గుంటూరు 6 అక్షరాలు, విజయవాడ 10. స్ట్రక్చర్‌లో (వివరాలన్నీ పక్కపక్కన ఉండే మూటలో) ఊరికి నువ్విచ్చిన అర్రే, అంటే అక్షరాల గళ్ల వరస, కూడా సరిగ్గా 10. మరి పేరు ఇక్కడితో అయిపోయిందని చెప్పే సున్నాకు, అంటే చివరి నల్ బైటుకు, చోటేది? స్ట్రింగును (అక్షరాల వరసను) కాపీ చేసే స్ట్ర్‌కాపీకి (strcpy) అవతలి అర్రే ఎంతో తెలియదు, నల్ దాకా రాసుకుంటూ పోతుంది. ఆ పదకొండో బైటు పక్కనే ఉన్న నంబరు అర్రే మొదటి గడి మీద పడింది. మొదట్లోనే నల్ ఉంటే, అచ్చు వేసే ప్రింట్‌ఎఫ్‌కి (printf) అది ఖాళీ స్ట్రింగే. ఊరు ముందు, నంబరు తరవాత నింపి చూడు: ఈసారి నంబరు ఊరి పేరుకి అతుక్కుని అచ్చవుతుంది. తప్పు అదే, వేషం వేరు.

సైజు 11 చేసి ఊరుకోకు, రేపు ఎవరో మచిలీపట్నం అంటారు.

ఎన్ని బైట్ల దాకా రాయాలో చెప్పి కాపీ చేయించే స్ట్ర్‌ఎన్‌కాపీ (strncpy) వాడమని చాలామంది చెబుతారు. నేను వద్దంటాను. స్ట్రింగు పొడవు నువ్విచ్చిన సంఖ్యకు సమానమైనా, మించినా అది నల్ పెట్టదు. వాడక తప్పకపోతే ఆఖరి గడిలో నల్ నువ్వే పెట్టు.

అచ్చు వేసే బదులు అర్రేలోకి రాసే ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ (snprintf) మేలు. వరసగా అర్రే, దాని సైజాఫ్ (sizeof, అంటే బైట్లలో దాని సైజు), శాతం-ఎస్ (%s) ఫార్మాట్, కాపీ చేయాల్సిన స్ట్రింగు ఇవ్వు. యూజర్ కొట్టినదాన్నే ఫార్మాట్ స్థానంలో పెట్టావో, అందులో శాతం గుర్తు ఉన్న రోజు కొంప మునుగుతుంది. రిటర్న్ విలువ తప్పక చూడు: అది పూర్తి స్ట్రింగు పొడవు. సైజుకు సమానమైనా, దాటినా పేరు తెగినట్టే, మళ్లీ అడుగు.

సైజాఫ్ అర్రే డిక్లేర్ చేసిన చోటే నిజం చెబుతుంది. ఫంక్షన్‌కి పంపితే లోపల మిగిలేది పాయింటరే (అర్రే ఉన్న చోటి చిరునామా), 64 బిట్ మెషీన్‌లో 8 అంటుంది. సైజును వేరే ఆర్గ్యుమెంటుగా పంపు. ఒకే అర్రేలో అక్షరాలు అటూ ఇటూ జరపాలంటే మెమ్‌మూవ్ (memmove) అనే ఫంక్షన్ వాడు.

మెమరీ తప్పులు పట్టే పనిముట్టు అడ్రస్ శానిటైజర్ విడి అర్రేలు పొంగితే పట్టేస్తుంది గానీ, నీలా ఒకే స్ట్రక్చర్ లోపల ఒక మెంబరు (ఊరు, నంబరు లాంటి భాగం) పక్కదాని మీదికి పోతే దానికి కనపడదు. దాన్ని నమ్ముకుని రిటర్న్ విలువ చెక్ తీసేయకు.

తెలుగు పేర్లు కూడా కావాలన్నావు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్ పాయింటు (అక్షరానికో గుర్తుకో ఇచ్చిన సంఖ్య) 3 బైట్లు, గుణింతపు గుర్తులు విడిగా లెక్క. 'విజయవాడ' 21 బైట్లు, నల్‌తో 22, 'గుంటూరు'కూ అంతే. ఆ మూడు బైట్ల మధ్యలో తెగితే చివర చెత్త గుర్తు కనిపిస్తుంది. ఊరి పేరు మెంబరుకు 64 బైట్లు ఇచ్చెయ్.

ఇట్లు,
మామయ్య