సుత్తి వేలు పేరులో 'సుత్తి' ఇంటిపేరా?

కాదు, అది 1982లో వచ్చిన జంధ్యాల సినిమా 'నాలుగు స్తంభాలాట' తెచ్చిపెట్టిన పేరు. తెలుగు హాస్యనటుడైన వేలు అసలు పేరు కురుమద్దాలి లక్ష్మీనరసింహారావు.

ఎదుటివాడు పారిపోవాలనుకునేంతగా సాగదీసి మాట్లాడటాన్ని 'సుత్తి కొట్టడం' అంటాం. ఆ సినిమాలో సుత్తి కొట్టేది మరో నటుడు వీరభద్రరావు, అది భరించేది వేలు. నవ్వంతా ఆ భరించే ముఖంలోనే ఉంది. ఆ జంట ఎంత నచ్చిందంటే, 'సుత్తి' ఇద్దరి పేర్ల ముందూ శాశ్వతంగా అతుక్కుపోయింది. అందుకే వాళ్లను అన్నదమ్ములనుకునేవారు ఇప్పటికీ కనిపిస్తారు. నిజానికి చుట్టరికం లేదు, వీరభద్రరావు ఇంటిపేరు మామిడిపల్లి.

వేలు కామెడీకే పరిమితమన్నది ఇంకో అపోహ. 1985 నాటి 'ప్రతిఘటన'లో మతి చలించిన మాజీ కానిస్టేబుల్‌గా ఆయన్ను చూడండి. అదే బక్క శరీరం, అదే గొంతు. కానీ నవ్వుదామని మొదలుపెట్టిన ప్రేక్షకుడు మధ్యలో ఆగిపోతాడు. వీరభద్రరావు 1988లోనే పోయారు. వేలు మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం నటించి, 2012లో కన్నుమూశారు.