మార్చి చలిలో మామీ నదిలో వాలై చేప పడాలంటే ఏం మార్చుకోవాలి?

మీరు రాసినదాన్ని బట్టి, మార్చి చివరి వారంలో మంచు జల్లులో, అమెరికాలోని ఒహాయోలో మామీ ఒడ్డునున్న పెరీస్‌బర్గ్ దగ్గర నాలుగు గంటలు నీళ్లలో నిలబడ్డారు. పక్కవాళ్లకి చేపలు పడ్డాయి, మీకు రాళ్లే తగిలాయి, డజను గాలాలు పోయాయి. ఎర రంగు మార్చాలా అని అడుగుతున్నారు. రంగు చివర చూసుకుందాం. ముందు సీసం బరువు మార్చండి.

గోదావరికి ఎర్రనీరు రాగానే పులస సముద్రం వదిలి ఎదురీదినట్టే, మంచు కరిగే రోజుల్లో వాలై అనే ఈ ఉత్తర అమెరికా మంచినీటి చేప ఈరీ సరస్సు నుంచి మామీలోకి గుడ్లు పెట్టడానికి ఎక్కుతుంది. నీరు 42 డిగ్రీల ఫారన్‌హీట్‌కి వచ్చాక ఊపందుకుని 50 దాకా జోరుగా సాగుతుంది. అంత చల్లటి నీళ్లలో చేప బద్ధకంగా ఉంటుంది. వడి తక్కువుండే అడుగునే, గులకరాళ్లని ఆనుకుని ఉంటుంది. మూతి ముందు నుంచి పోయే ఎరని అందుకుంటుందే గానీ రెండడుగులు పైకి లేచి వెంటపడదు. మీ ఎర అడుగుకి జానెడు ఎత్తులో పోతోందా లేదా, అదొక్కటే తేల్చుకోవాలి.

అక్కడ ఎక్కువమంది కట్టేది ఇలా ఉంటుంది. రీల్లో 10 పౌండ్ల బరువు ఆపే మోనో దారం, అంటే ఒంటిపోగు నైలాన్ దారం. దానికి జారే సీసం, తర్వాత ఒక పూస, ఆ తర్వాత స్వివెల్, అంటే దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు కొక్కెం. పూస మానేస్తే సీసం ముడి మీద కొట్టుకుని ముడి పాడవుతుంది. స్వివెల్ అవతల 8 పౌండ్ల లీడర్, అంటే గాలం కట్టే పొట్టి దారం, 18 నుంచి 24 అంగుళాలు. దాని కొసన తేలే జిగ్ హెడ్ (చిన్న తల అతికిన గాలం), దానికి 3 అంగుళాల రబ్బరు తోక. జిగ్ హెడ్ తేలేదే కొనండి. సీసం అడుగున దొర్లుతుంటే గాలం రాళ్లకి పైన ఆడుతుంది. మామూలు సీసపు జిగ్ కడితే రెండూ రాళ్ల సందుల్లో దూరతాయి, మీ డజను గాలాలు పోయింది బహుశా ఇలాగే. లీడర్ పెద్ద దారం కన్నా బలహీనంగా ఉండాలి. అప్పుడు జిగ్ చిక్కుకుంటే లీడర్ దగ్గరే తెగుతుంది, సీసం మిగులుతుంది.

సీసాలు 1/4, 3/8, 1/2, 5/8 ఔన్సువి నాలుగు రకాలూ జేబులో ఉండాలి. ప్రవాహానికి అడ్డంగా, కాస్త ఎగువకి విసిరి, దారం వదులు లేకుండా చూసుకుంటూ రాడ్ కొసని సీసంతో పాటే దిగువకి తిప్పండి. రెండు మూడు సెకన్లకోసారి చేతికి టక్... టక్... అని తెలియాలి. అడుగడుక్కీ ఆగిపోతుంటే బరువెక్కువ. ఏమీ తగలకుండా దిగువకి వచ్చేస్తే తక్కువ. పది గజాలు పక్కకి జరిగినా మళ్లీ సరిచూసుకోండి, వడి మారిపోతుంది. చేప కాటు ఈ చలిలో గుంజినట్టు ఉండదు. టక్ టక్ ఆగి, తడిగుడ్డ ఏదో తగులుకున్నట్టు మెత్తగా బరువెక్కుతుంది. అప్పుడు రాడ్ ఎత్తాలి.

దారం దిగువన తిన్నగా సాగిపోయాక రాడ్‌ని గట్టిగా గుంజడం అక్కడ చాలామంది చేస్తారు. దయచేసి నేర్చుకోకండి. గుంపుగా ఉన్న చేపలకి వీపులోనో పొట్టలోనో గుచ్చుకుంటుంది. నోటి బయట గుచ్చుకున్న చేపని వెంటనే వదిలేయాలని ఒహాయో నిబంధన. లీడర్ పొడవైనకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది, అందుకే నేను 24 అంగుళాలు దాటను. ఆ సీజన్లో మామీలో ఒంటి ముల్లు గాలమే వాడాలి, వేట సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే. 15 అంగుళాల లోపు చేప ఉంచుకోకూడదు. రోజుకెన్ని అన్నది ఆ ఏటి నిబంధనల్లో చూసుకునే బయల్దేరండి. 16 ఏళ్లు నిండినవాళ్లకి లైసెన్స్ తప్పనిసరి.

ఇక వాతావరణం. పడమటి గాలి రోజంతా గట్టిగా వీస్తే ఈరీ నీటిని తూర్పుకి నెట్టేస్తుంది, నది దిగువ భాగంలో మట్టం పడిపోతుంది. ఈశాన్యపు గాలి వస్తే తిరిగి ఎక్కుతుంది. వాన పడి మంచు కరిగితే చుట్టుపక్కల పొలాల బంకమట్టి దిగి నీరు చాయ్ రంగుకొస్తుంది. అది చూసి ఇంటికెళ్లిపోకండి. వాలై కంటి వెనక వెలుగుని తిప్పికొట్టే పొర ఉంది, మసక నీళ్లలో, మబ్బులో దానికి చూపు బాగానే ఆనుతుంది. నీరు పెరిగినప్పుడు వడి తప్పించుకోవడానికి చేప ఒడ్డు వైపుకి వస్తుంది. నడుము లోతుకి దిగి నది మధ్యకి విసిరేవాళ్లు చేపల్ని దాటుకునే వెళ్తున్నారన్నమాట. రంగు సంగతి ఇక్కడ వస్తుంది: బురదనీటికి నారింజ లేదా చిలకపచ్చ, తేటనీటికి తెలుపు.

లోతు తొడల దగ్గరే ఆపేయండి. ఆ నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, పది నిమిషాల్లో చేతులు పనిచేయడం మానేస్తాయి. వేడర్ (నీళ్లలో దిగడానికి వేసుకునే, నీరు చొరని పొడవాటి తొడుగు) మీద నడుము బెల్టు బిగించాలి, లేకపోతే పడ్డప్పుడు నీరు లోపలికి నిండుతుంది. లైఫ్ జాకెట్, ఊతకర్ర ఉండాలి. జీన్స్, కాటన్ సాక్సు వద్దే వద్దు. చెమటకి తడిస్తే ఆరవు, ఒంట్లో వేడంతా లాగేస్తాయి. ఉన్ని సాక్సు రెండు జతలు వేసుకుంటే బూటు ఒక సైజు పెద్దది కావాలి, బిగుతైతే రక్తం ఆడక వేళ్లు ఇంకా ముందే మొద్దుబారతాయి. నదిలోని బ్లూగ్రాస్ ఐలాండ్ అనే దీవికి నడిచి దాటేవాళ్లు ఒడ్డున ఒక రాయిని గుర్తు పెట్టుకుని అరగంటకోసారి చూడాలి. ఆ రాయి మునుగుతుంటే చేపలు పడుతున్నా సరే, వెంటనే తిరిగి వచ్చేయాలి.

రాడ్ రింగుల్లో మంచు గడ్డకట్టినప్పుడు గోటితో విరగ్గొట్టొద్దు, లోపలి పింగాణీ రింగు ఊడి వస్తుంది. కొసని నీళ్లలో ముంచి విదిలిస్తే చాలు, రాడ్ కన్నా నది వెచ్చన. రీల్ మాత్రం ముంచకండి. బ్రెయిడ్ దారం, అంటే పోగులు అల్లిన దారం, నీటిని పీల్చుకుని గడ్డకడుతుంది, మోనో చెప్పింది అందుకే కూడా.

చేపని పెదవి పట్టుకుని ఎత్తొద్దు. పళ్లు దిగుతాయి, మొప్ప మూత అంచు కూడా కోస్తుంది. కూరకి 18 అంగుళాల మగచేపలు సరిగ్గా సరిపోతాయి. గుడ్లతో పొట్ట ఉబ్బిన పెద్ద ఆడచేపని ఉంచుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు, అయినా నేను వదిలేయమనే అంటాను. పొట్ట కింద ఒక చేయి, తోక మొదట్లో ఒక చేయి పెట్టి, తల ఎగువకి తిప్పి నీళ్లలోనే పట్టుకోండి. మొప్పలు నాలుగైదుసార్లు ఆడాక తోక బిగిస్తుంది. అప్పుడు చేయి తీసేయండి.